నువ్వడిగిన ఉగ్గుగిన్నె

పుంగనూరు,
14-6-1998

వదినకు,

నీ కూతురు శోభకు ఆడపిల్ల పుట్టిందని, మనింటి వెండి ఉగ్గుగిన్నె కుప్పం పంపమని రాసిన కార్డు అందింది.

నువ్వూ, మీ తమ్ముడూ దాంట్లోనే ఉగ్గు తాగి పెరిగారు. ఆఖరున తాగింది నా కొడుకు. మూడో నెలలోనే పోయాడు. "ఈ గిన్నెతో ఇంగ ఏ బిడ్డకీ పొయ్యొద్దమ్మా" అని అత్త దాన్ని పెట్టెలో పెట్టించింది. ఆ తర్వాత మన ఇళ్ళల్లో ఐదుగురు పుట్టారు, ఎవరూ అడగలేదు. పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం విభూతితో తోమి, మళ్ళీ పెట్టెలో పెడుతున్నాను. చేతులకే విసుగొచ్చింది.

మరిచిపోయి అడిగుంటే ఒక్క ముక్క రాయి, నేనేమీ అనుకోను. గుర్తుండే అడిగుంటే మాత్రం బస్సులో ఎవరిచేతా పంపను, నేనే తెస్తాను. బిడ్డను కాసేపు నా ఒళ్ళో పెట్టు, వదినా.

నీ మరదలు