పైపు వంపుకు వేసిన పిండికట్టు

ఆసుపత్రి భవనాల నిర్వహణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: లాండ్రీ గదిలోని ఆవిరి పైపుల పాత చుట్టను వచ్చే సోమవారం అక్కడి ఆడవాళ్ల చేతనే ఊడపీకించవలెనన్న తమ ఉత్తర్వును నిలిపివేసి, ఆ చుట్టలో ఆస్‌బెస్టాస్ ఉన్నదీ లేనిదీ పని తెలిసినవాళ్ల చేత పరీక్ష చేయించుట గురించి.

నేను తమ ఉద్యోగిని కాను. లాండ్రీలో ఇస్త్రీ యంత్రం మీద పనిచేసే ఆవిడ కూతుర్ని. రసాయనశాస్త్రంలో డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. ఈ రెండో సంగతి కిందటిసారి తమరు నా నోటితో చెప్పించుకుని నవ్వారు కాబట్టి, మళ్లీ అడిగే శ్రమ తమకు ఉండకూడదని ముందే రాస్తున్నాను. మధ్యాహ్నం అమ్మకు క్యారేజీ తెచ్చి, ఆవిడ తినేదాకా లాండ్రీలో స్టూలు మీద కూర్చుంటాను. ఊరికే కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. చుట్టూ చూస్తాను. చూసింది ఈ కింద మనవి చేసుకుంటున్నాను.

1. తమరు ఆ గదిలో ఎన్నడూ అడుగుపెట్టలేదు గనుక ముందు గది సంగతి. బాయిలరు నుంచి వచ్చే ఆవిరి పైపులు గోడ పైభాగాన సాగి, ఇస్త్రీ యంత్రం పక్కన వంపు తిరిగి కిందికి దిగుతాయి. వేడి బయటికి పోకుండా భవనం కట్టినప్పుడే వాటికి తెల్లటి మందపాటి చుట్ట వేశారు. దాని మీద గుడ్డ, గుడ్డ మీద రంగు. ఇప్పుడు రంగు పెచ్చులూడి, గుడ్డ చిరిగి, లోపలిది పీచులు పీచులుగా వేలాడుతోంది. యంత్రం అదిరినప్పుడల్లా పిండిలా రాలి ఉతికిన దుప్పట్ల మీద పడుతుంది. అమ్మా వాళ్లు దుప్పటి విదిలించి మడతపెడతారు. ఏళ్ల తరబడి ఇదే పద్ధతి. అలా విదిలించకుండా మడతపెట్టిన దుప్పటి ఒకటి ప్రత్యేక గదిలోని పెద్దమనిషి కిందికి వెళ్లింది. ఆయన వీపు దురద పెట్టింది. ఆయన గొంతు పెద్దది గనుక తమ కార్యాలయం కదిలింది. రాలుతున్నది ఏమిటని మాత్రం ఎవరూ అడగలేదు. రాలకుండా చేయండి, చాలు అన్నారు. అందుకు తమరు కనిపెట్టిన మార్గం, చుట్టను మొత్తం పీకించేయడం.

2. అప్పుడు నేను తమ గదికి వచ్చి, ఆ చుట్టలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చునని, పీకేముందు పరీక్ష చేయించమని చెప్పాను. తమరు పైకప్పు వైపు వేలు చూపించారు.

"ఆస్‌బెస్టాస్ అంటే రేకు కదమ్మా. ఇది స్లాబు. ఎక్కడైనా రేకు కనిపిస్తే చెప్పు, ఇప్పుడే తీయించేస్తా."

పక్కనున్న గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు అతని ఉద్యోగంలో భాగం గనుక అతన్ని క్షమించాను. తమకు మాత్రం మరోసారి విన్నవిస్తున్నాను. ఆస్‌బెస్టాస్ రేకు కాదు. రాతిలో దొరికే పీచు. సిమెంటులో కలిపితే రేకవుతుంది. పిండిలో కలిపి పైపుకు పూస్తే చుట్టవుతుంది. కదిలించనంత కాలం పడి ఉంటుంది. విరిస్తే, గీకితే కంటికి కనబడనంత సన్నటి ముక్కలై గాలిలోకి లేస్తుంది. వాసన ఉండదు, ఘాటు ఉండదు, తుమ్ము కూడా రాదు. లోపలికి పోయింది ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయి, ఇరవై ముప్పై ఏళ్ల తరువాత క్యాన్సరుగానో, ఊపిరి బిగుసుకుపోయే జబ్బుగానో బయటపడవచ్చు. అప్పటికి తమరు సన్మానం చేయించుకుని, శాలువా కప్పించుకుని, పదవీ విరమణ చేసి ఉంటారు. తమ మీద ఏ ఫైలూ తెరవడానికి ఉండదు. ఈ జబ్బు అధికారుల కోసమే పుట్టినట్టుంది.

ఇదంతా విని తమరు అడిగినవి రెండు ప్రశ్నలు: చదువుకుని ఉద్యోగమెందుకు లేదు, పెళ్లెందుకు చేసుకోలేదు. ఈ రెండింటికీ ఆవిరి పైపుకూ ఉన్న సంబంధం నాకు నేటికీ బోధపడలేదు.

3. తమకు తెలియనిది నాకూ తెలియదు గనుక, భవనాల్లో ఆస్‌బెస్టాస్ ఉందో లేదో చూడడమే వృత్తిగా ఉన్న సర్వేయరు ఒకావిడకు ఫోన్ చేశాను. ముక్కూ మొహం తెలియని నాకు ఆవిడ ఓపికగా చెప్పింది. ఆవిడ మొదట అడిగింది పరీక్షకు తీయాల్సిన ముక్క గురించి కాదు, భవనం వయసు. ఎప్పుడు కట్టారు, నక్షాలు ఉన్నాయా, ఎక్కడెక్కడ మరమ్మతులు జరిగాయి. ఆ తరువాత గది గది తిరిగి, పైపు చుట్ట, గోడ పలక, నేల బిళ్ల, తలుపు కింది అట్ట, ఇలా ఏ రకానికి ఆ రకం విడివిడిగా గుర్తుపెట్టుకుంటారట. ఒక రకాన్ని ఒక్కచోట తీసి సరిపెట్టరు, రెండు మూడు చోట్ల తీస్తారు. తీసేముందు గదిలో మనుషుల్ని బయటికి పంపి, ఫ్యాన్లు ఆపి, తగిన మాస్కు పెట్టుకుని, కోసే చోట సబ్బునీళ్లు చిలకరిస్తారు. తడిసింది గాలిలోకి లేవదు గనుక. చిటికెడు కోసి, సంచిలో వేసి, ఆ సంచిని ఇంకో సంచిలో వేసి, ఎక్కడిదో రాస్తారు. కోసిన గాయానికి టేపు వేసి, కిందంతా తడిగుడ్డతో తుడుస్తారు. అసలు పరీక్ష ప్రయోగశాలలో, సూక్ష్మదర్శిని కింద.

"గాలి పరీక్ష చేస్తే తెలిసిపోదా మేడం?" అని అడిగాను.

"ఎవరూ ముట్టుకోనప్పుడు గాలి శుభ్రంగానే ఉంటుందమ్మా. దాన్నిబట్టి చుట్ట మంచిదని చెప్పలేం. ముక్కే తీయాలి. అదీ ఇనుము తగిలేదాకా తీయాలి. పై పొర ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది" అంది.

4. ఇక తమరు పంపిన పరీక్షకుడి సంగతి. తమరు పరీక్ష చేయించలేదని నేను ఎక్కడా అనను. చేయించారు. నేను స్టూలు మీదే ఉన్నాను.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వచ్చాడు. పైపులు పైన ఉన్నాయని చూసి నిచ్చెన అడిగాడు. ఆసుపత్రిలో నిచ్చెన ఎలక్ట్రికల్ విభాగానిది. లాండ్రీకి ఇవ్వాలంటే ఇండెంటు కావాలి. దాని మీద సంతకం చేయవలసిన మనిషి సెలవులో ఉన్నాడు. కాబట్టి పరీక్షకుడు చేతికి అందేదేమిటా అని వెతికి, ఇస్త్రీ యంత్రం పక్కనున్న వంపు దగ్గర ఆగాడు.

ఆ వంపు చరిత్ర తమకు మనవి చేయాలి. బట్టల ట్రాలీలు తగిలి తగిలి అక్కడ పాత చుట్ట ఎప్పుడో పూర్తిగా ఊడిపోయింది. ఇనుము బయటపడి ఒకామె ముంజేయి కాలింది. మరమ్మతు చేయమని తమ కార్యాలయాన్ని అడిగి అడిగి విసిగి, అమ్మా వాళ్లు ఎముకల వార్డులో కట్లు కట్టే ఆయన్ని బతిమాలారు. ఆయన వచ్చి, విరిగిన మోచేతికి కట్టినట్టే, తడిపిన పిండికట్టు పొరలు పొరలుగా చుట్టి, చక్కగా నునుపు చేసి, "ఆరు వారాలు బరువులు ఎత్తనీయకండి" అని చెప్పి వెళ్లాడు. ఆ గది మొత్తంలో మంచి స్థితిలో ఉన్న చుట్ట అదొక్కటే.

పరీక్షకుడు స్క్రూడ్రైవరు పెట్టి దాన్నే గీకాడు. పొడిగానే గీకాడు. మనుషులు పనిలో ఉండగానే, ఫ్యాను తిరుగుతుండగానే గీకాడు.

"అది పాత చుట్ట కాదండీ. పిండికట్టు. చెయ్యి విరిగితే వేస్తారే, అది" అన్నాను.

"పైపు మీద ఉందా లేదా?"

"ఉంది."

"పైపు మీది చుట్ట తెమ్మన్నారు. పైపు మీదిదే తీశాను. ఇంకేం కావాలి?"

అమ్మ యంత్రం వెనకనుంచి, "అసలుది పైనుంది బాబూ, కాస్త ఎక్కి తీయరాదా" అంది. నిచ్చెన తెప్పించమ్మా ఎక్కుతానన్నాడు. ముక్కను మాత్రల కవరులో వేసి, కవరును చొక్కా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

నివేదిక వచ్చింది. జిప్సం ఉంది, నూలు గుడ్డ ఉంది, ఆస్‌బెస్టాస్ లేదు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదని ఏ కోర్టులోనైనా చెబుతాను. పిండికట్టు పిండికట్టేనని ఆసుపత్రి ఖర్చుతో శాస్త్రీయంగా రుజువైంది. ఎముకల వార్డుకు వెళ్లి ఎవరిని అడిగినా ఉచితంగా చెప్పేవారు. తమరు ఆ కాగితాన్ని లాండ్రీ గోడకు అంటింపజేశారు. సరిగ్గా పైపు కింద. దాని మీద కూడా తెల్లపిండి రాలుతోంది.

5. ప్రమాదం లేదని రుజువైంది గనుక ఇంజినీరింగు పనివాళ్లు అక్కర్లేదని, లాండ్రీ సిబ్బందే సుత్తులు, గోనెసంచులు తెచ్చుకుని చుట్ట పీకవలెనని తమ ఉత్తర్వు. ముక్కుకు రక్షణ ఏదని లాండ్రీ సూపర్‌వైజరును అడిగితే, "చీర కొంగులున్నాయి కదా" అన్నాడు. ఇంత ముందుచూపు గల యంత్రాంగం ఇంకెక్కడా ఉండదు.

6. ఈ అర్జీ మా అమ్మకు ఇష్టం లేదు. ఈ మాట రాయకూడదనుకున్నాను, కానీ ఆవిడే నాతో రాయించిందని తమరు అనుకునే ప్రమాదం ఉంది. "ఆయనతో పెట్టుకుంటే నన్ను ఉతికే వైపు వేస్తారే. రోజంతా తడిలో నిలబడితే నా మోకాళ్లు ఏం కావాలి? నీ చదువంతా నా మీదే ప్రయోగిస్తావేం?" అంది. ఆవిడ పక్కన దుప్పట్లు మడతపెట్టే పిన్ని ఇంకో అడుగు ముందుకు వేసింది. "కనబడందానికి భయపడమంటావేంటే, దెయ్యమా అది?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. నాకు ఉన్నది ఆవిడ ఒక్కతే. తమకు లాండ్రీలో ఖాళీ ఏర్పడితే ఇంకొకరు వస్తారు. నాకు ఆ సదుపాయం లేదు.

కాబట్టి తమను కోరునది: సోమవారం పని ఆపించవలెను. సర్వేయరును పిలిపించవలెను. ఆ వచ్చినవారికి నిచ్చెన ఇప్పించవలెను. అది తమ అధికార పరిధిలో లేనిపక్షంలో చెప్పండి, మా ఇంటి పక్క సున్నాలు వేసే ఆయన దగ్గర ఉంది, నేనే మోసుకొస్తాను. చుట్టలో ఆస్‌బెస్టాస్ ఉందని తేలితే దాన్ని తీయడం తెలిసినవాళ్ల చేతే తీయించవలెను. లేదని తేలితే, నేను తమ గదికి వచ్చి, తమ గుమాస్తా ఎదుట, తమరు అడిగిన రెండు ప్రశ్నలకూ సమాధానం చెప్పుకుంటాను.

పై విషయములు తమరు చిత్తగించవలెను. గుమాస్తా చేత చదివించుకోకుండా స్వయంగా చిత్తగించవలెను.

ఇట్లు,
రాయక తప్పదు గనుక, తమ విధేయురాలు,
ఇస్త్రీ యంత్రం ఆవిడ కూతురు

తాజా కలం:

అయ్యా, ఇవాళ ఆదివారం, తమ కార్యాలయానికి సెలవు గనుక ఇది సోమవారం ఉదయమే తమ చేతికి ఇద్దామని పొద్దున రాసి పెట్టుకున్నాను. మధ్యాహ్నం అమ్మ డ్యూటీ అవకుండానే వచ్చింది. బాయిలరు ఇవాళ ఎలాగూ చల్లారింది, సోమవారం దాకా ఎందుకని సూపర్‌వైజరు పని మొదలుపెట్టించాడట. సగం పైపు పీకేశారు. మిగతా సగం రేపు.

గుమ్మంలో నిలబడింది. జుట్టు తెల్లగా ఉంది. కనుబొమలు తెల్లగా ఉన్నాయి. "చూడవే, ఒక్కపూటలో ముసలిదాన్నయిపోయా" అని నవ్వింది. లోపలికి రావద్దన్నాను. పెరట్లోకి తీసుకెళ్లి, కట్టుకున్న చీరతోనే నెత్తిమీద నుంచి నీళ్లు పోశాను. ఎప్పుడూ నన్ను తిట్టే మనిషి తనే తల వంచి పోయించుకుంది. కొంగు పిండుకుంటూ, "లోపలికి పోయుంటుందంటావా?" అంది.

నాకు తెలియదు. ఇప్పుడు ఏ పరీక్షా చెప్పలేదు.

పీకిందంతా నేల మీదే ఉంది. సాయంత్రం డ్యూటీ వాళ్లు వచ్చేలోగా ఊడ్చేయమని సూపర్‌వైజరు ఇద్దరికి చీపుళ్లు ఇచ్చాడట. పొడి చీపురుతో ఊడిస్తే పడిందంతా మళ్లీ గాలిలోకి లేస్తుంది. ఆపమని వాడికి ఫోన్ చేశాను. సారు చెబితే ఆపుతానన్నాడు. తమ ఇంటికి ఫోన్ చేస్తే, సారు పడుకున్నారన్నారు.

అందుకని ఈ కాగితం పట్టుకుని తమ ఇంటికే వచ్చాను. గేటు మీద పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు కుదరలేదు. పైన రాసిన ఎత్తిపొడుపులన్నీ వెనక్కి తీసుకుంటాను. క్షమాపణ కావాలంటే తమరు చెప్పిన మాటల్లోనే రాసి సంతకం పెడతాను. ఎవరినీ ఊడ్వనివ్వొద్దని ఒక్క ఫోన్ చేయండి. ఫ్యాన్లు ఆపి, మనుషుల్ని బయటికి పంపి, గదికి తాళం వేయమనండి. ఒక్క నిమిషం పని.

బెల్లు కొడుతున్నాను. తలుపు తీయండి.