చాటంత చెప్పులు

ముబారక్ అల్ కబీర్, కువైట్
9 ఫిబ్రవరి 2001, శుక్రవారం

ప్రియమైన రమణమ్మకు,

ప్రభువు కృప మన గడప మీద ఎప్పుడూ ఉండుగాక. నేనిక్కడ క్షేమం. నువ్వూ, క్రిస్టీనా, అత్తయ్యగారూ క్షేమమని తలుస్తాను. అత్తయ్యగారి దగ్గు తగ్గిందో లేదో పోయిన ఉత్తరంలో రాయలేదు నువ్వు. ఈసారి మర్చిపోకు.

ఒక వింత సంగతి రాస్తాను, నవ్వకుండా చదువు. నేను వంట చేసే ఇంటి యజమాని, మా బాబా, కెనడాలో చదువుకున్నాడని నీకు తెలుసు కదా. అక్కడి స్నేహితుడితో జింకల వేటకు వెళ్ళాలని ఆయన కోరిక. వేట ఆకురాలే కాలంలోనట. బయల్దేరేది మాత్రం ఈ చలికాలం పోకముందే! తుపాకీ లేని ఈ ప్రయాణం ఎందుకంటే, జింకలు ఏ దారిన తిరుగుతాయో మంచు మీద అడుగులు చూసి ముందే తెలుసుకోవడానికట. సంబంధం మాట్లాడకముందే ఊరు చూసొచ్చినట్టు అన్నమాట.

అక్కడి అడవిలో మంచు నడుం లోతు. మామూలు బూట్లతో దిగబడిపోతారు. అందుకని మంచులో నడిచే చెప్పులు మూడు జతలు తెప్పించాడు. ఒక్కొక్కటీ మన చాటంత ఉంది! అల్యూమినియం చట్రం, కింద ఇనుప పళ్ళు. బూటు ముందు భాగం దానికి కట్టేస్తారు, మడమ మాత్రం లేస్తుంది. మంచు కాలి కింద ఎలా ఉంటుందో రమణా? బురదలా పట్టుకుంటుందా, ఊకలా జారిపోతుందా? వంటింట్లో కూడా అదే ఆలోచన నాకు. మొన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఎడారిలో మా గుడారం దగ్గర, మెత్తటి ఇసకలో మూడు జతలూ తొడిగి చూశాం. బాబాకి మోకాళ్ళ నొప్పులు, నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. ఇక నేనే నడిచాను. పొడుగు జతతో మొదలుపెట్టి, నా చెప్పు మీద నేనే కాలేసి బోర్లా పడ్డాను. ఇంటి యజమానురాలు మామా నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుంది. పొడుగువి ఎక్కువ బరువు మోస్తాయి గానీ చెట్ల మధ్య పొదల్లో చిక్కుకుంటాయట. రెండో జతకు గట్టి ప్లాస్టిక్ రేకు, అడుగు తీసి అడుగేస్తే టకటకమంటుంది. చలికాలంలో జింకలు మేత లేక నీరసంగా ఉంటాయట. అప్పుడు బెదిరి పరుగెత్తితే ఒంట్లో మిగిలిన కొవ్వు కూడా కరిగి చచ్చిపోతాయట. పాపం కదూ! అందుకని చప్పుడు చేసేవి పనికిరావన్నాడు. మూడోది పొట్టిది, వెడల్పుది, మధ్యలో మందపాటి గుడ్డ. బాబా దాన్నే ఎంచాడు.

నాకర్థం కానిది అక్కడే. ఈ చెప్పుల్ని పాదం కొలతకు కాదు, మనిషి బరువుకీ వీపు మీది సంచి బరువుకీ సరిపోయేలా ఎంచాలి. ఆ పొట్టి జతకు బాబా ఎక్కడ సరిపోతాడు? నా వంట తిన్న మనిషి, ఇద్దరి పెట్టు. మొదటి అడుగుకే దిగబడిపోతాడు. చెబుదామంటే నాకు నోరు రాలేదు. ఎందుకో రాస్తాను, కంగారు పడకు.

మొన్న బాబా బీరువాలోంచి నా పాస్‌పోర్టు బయటికి తీశాడు. ఆ వెంటనే నా వీపుకు నిండు సంచి తగిలించి కాటా ఎక్కమన్నాడు. అంకె చూసి మామాకి చూపించాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. ఇక్కడ మనిషిని సామానుతో సహా కాటా ఎక్కించేది ఎందుకో అందరికీ తెలుసు. శుక్రవారాలు మనవాళ్ళం కలిసే ఖైతాన్ గదిలో, ఇంటికి పోయే ప్రతివాడినీ అలాగే తూస్తాం. మనిషి బరువు తీసేస్తే సామాను బరువు తేలుతుంది. మన ఊరి రమేష్‌బాబుకీ పోయినేడు ఇలాగే అయింది. అతన్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని, అతని కఫీల్, పాస్‌పోర్టు తీశాడు, సంచితో కాటా ఎక్కించాడు, ఆ వారమే విమానం ఎక్కించేశాడు.

నాకు భయంగా ఉంది రమణా. క్రిస్టీనాకి నర్సింగ్ ఇంకో ఏడాది ఉంది. నేనొచ్చేస్తే దాని చదువు ఆగిపోతుంది. రొయ్యల చెరువుల మీద కాపలా పని ఏదైనా ఉందేమో మీ అన్నయ్యను అడిగి ఉంచు. పిల్లకి మాత్రం చెప్పకు, పరీక్షలు కదా.

ఇట్లు,
నీ దేవసహాయం

తా.క.: కవరు అంటించబోతుంటే బాబా పిలిచాడు. ఆ పొట్టి జత నాకట! సంచితో తూచింది చెప్పుల కోసం, పాస్‌పోర్టు తీసింది కెనడా వీసా కోసం. మోకాళ్ళు చూసి డాక్టరు ఆయన్ని అడవిలో అడుగు పెట్టొద్దన్నాడట. ఆయన అక్కడి కొయ్య ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుంటాడు. నేను ఆ స్నేహితుడి వెంట తిరిగి, చూసిందంతా వచ్చి చెప్పాలట. నా కాళ్ళు ఖలాస్ దేవా, ఇక నువ్వు నడు అన్నాడు. కాటా చూసి ఎందుకు మాట్లాడలేదని ధైర్యం చేసి అడిగాను. ఇంత తక్కువ బరువా, ఇన్నేళ్ళూ వండిందంతా మాకే పెట్టి వీడేం తిన్నాడని మామా బాధపడిందట. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మీ అన్నయ్యను ఏమీ అడగకు. క్రిస్టీనాకి మాత్రం చెప్పు, వాళ్ళ నాన్న అడుగులు ఈసారి చాటంత పడతాయని.