గోదావరి మధ్యలో బిగించిన చక్రం

మలికిపురం,
23-3-1999, మంగళవారం.

ప్రియమైన బేబికి,

ప్రభువు పేరట వందనాలు. దేవుడి దయవల్ల నేను, మన పిల్ల ప్రిస్కిల్లా, మీ అమ్మ ముగ్గురం ఇక్కడ ఒంట్లో బాగానే ఉన్నాం. ఆ ఎండల దేశంలో నువ్వూ అలాగే ఉన్నావనుకుని ఈ నాలుగు ముక్కలు మొదలుపెడుతున్నాను. నీ ఉత్తరం మొన్న శనివారం అందింది. ప్రిస్కిల్లా రెండుసార్లు, మీ అమ్మ కొత్త కన్నుతో ఒకసారి చదివారు. నేనెన్నిసార్లు చదివానో చెప్పను.

అడిగినవాటికి వరసగా రాస్తున్నాను. ఆపరేషన్ చేయించిన మీ అమ్మ కన్ను బ్రహ్మాండంగా ఉంది. బైబిల్లో సన్నక్షరాలు కూడబలుక్కోకుండా చదువుతోంది. బియ్యంలో మట్టిగడ్డలు, గోడమీద బూజు, నా చొక్కా కాలరు మీద మురికి, అన్నీ కనిపిస్తున్నాయి. ఆ కాలరు సంగతికే నేను ఇబ్బంది పడుతున్నాను. పిల్లకి ముందు పళ్ళు రెండూ వచ్చాయి, కాస్త ఎత్తుగానే వచ్చాయి, మీ వైపు పోలిక. నువ్వు పంపిన ఎర్ర స్వెట్టరు ఈ మార్చి ఎండలో వేసుకుని స్కూలుకి వెళ్తానని రోజూ గొడవ. నా దగ్గు తగ్గింది. బీడీలు తగ్గించాను. మానేశాననలేదు, తగ్గించాను.

ఇంక నీ ఆఖరి ప్రశ్న. "నాన్న పడవెక్కి వచ్చి గోదావరి మధ్యలో కారు బాగుచేశాడు అని పిల్ల రాసింది, ఏంటది? ఫోన్లో అడిగితే కార్డు అయిపోతుందంటూ మాట మారుస్తున్నారేంటి?" అని నిలదీశావు. దానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం. ఎవరికీ చీమ కుట్టినంత బాధ కూడా కలగలేదని ముందే చెబుతున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకుని, గాభరా పడకుండా చదువు.

మీ అమ్మని భీమవరం కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది ఫిబ్రవరి మొదటి శుక్రవారం. చంద్రరావు గారి తెల్ల మారుతి కారు మాట్లాడాను. ఆయన మనిషి మంచివాడే గానీ కిందటి వానాకాలంలో మోకాటిలోతు నీళ్ళలో ఆ కారుని పడవలా నడిపాడు. ముందు చక్రాల బేరింగుల్లోకి నీళ్ళు దిగి గ్రీజంతా పాడైంది. అరవై దాటితే చాలు, కారంతా గుంయ్‌మని ఒకటే హోరు. ఆయన టైర్ల చప్పుడనుకుని కొత్త టైర్లు కూడా వేయించాడు. నేను పక్కన కూర్చుని ఒక కిలోమీటరు తిరిగొచ్చాను. జాకీ ఎత్తి, చక్రం తిప్పుతూ స్ప్రింగు మీద చెయ్యి వేస్తే గరగర అరచేతికి తెలిసిపోయింది. "చంద్రరావు గారూ, రెండు వైపులా బేరింగులు పోయాయండి. ఇవి మార్చకుండా మా పిల్లని ఈ కారెక్కించనండి" అన్నాను. అంత జాగ్రత్త మనిషిని నేను!

గురువారమంతా షెడ్డులో అదే పని. పాతవి కొట్టి తీసి, కొత్తవి లేత్ షాపులో ప్రెస్సు మీద ఎక్కించి, గ్రీజు కూరి, శుక్రవారం పొద్దున్నకి కుడి చక్రం పూర్తిచేశాను. ఎడమది కూడా ఎక్కించాను. బేబీ, ఇక్కడ ఒక్క సంగతి నీకు తెలియాలి. చక్రం మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. చక్రాన్ని పట్టుకుని ఉండేది అదే. కారు గాల్లో ఉన్నప్పుడు దాన్ని ఊరికే ఆనేదాకా తిప్పి, చక్రం నేలకి దించాక, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, పొడుగు గొట్టం వేసి ఒంట్లో బలమంతా పెట్టి బిగించాలి. తరవాత ఆ నట్టు వెనక్కి తిరగకుండా అడ్డంగా ఒక పిన్ను దూర్చి చివరలు వంచాలి. జుట్టుకి పెట్టుకునే పిన్నులాంటిదే, కాస్త లావు.

నేను కారు నేలకి దించాను. గొట్టం అందుకోబోతున్నాను. సరిగ్గా అప్పుడే పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోంచి రత్నమాణిక్యం గారు కేకేశారు. "జీవరాజు గారండీ! కువైట్ నించి ఫోనండీ!"

పది గంటలైందన్నమాట. నువ్వు శుక్రవారం ఆరాధనకి వెళ్ళే దారిలో చేసే ఫోను. గొట్టం అక్కడే పడేసి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి కారు లేదు. పనైపోయిందనుకుని చంద్రరావు గారే చక్రం మధ్యలో మూత నొక్కేసి వెళ్ళిపోయారు. పన్నెండున్నరకల్లా ఆసుపత్రిలో ఉండాలని తొందరపెట్టిందీ నేనే కదా. ఇంటి దగ్గర మీ అమ్మనీ పిల్లనీ ఎక్కించుకుని రేవు దారి పట్టారు. నేను సాయంత్రం బస్సుకి వెళ్దామనుకున్నాను. నువ్వు విమానం ఎక్కిన రోజు నుంచీ మీ అమ్మ నాతో సూటిగా మాట్లాడదని నీకు తెలుసు. "మీ నాన్నని అన్నానికి రమ్మను" అని పిల్లతో చెప్పించే మనిషి పక్కన కూర్చుని భీమవరం దాకా ఏం వెళ్తాను?

నింపాదిగా టీ తాగాను. చేతులు కడుక్కోబోతూ గ్రీజు డబ్బా మూత మీద చూస్తే పిన్ను కనిపించింది. తెచ్చినవి రెండు. వాడింది ఒకటి.

గొట్టం, సాకెట్టు, పిన్ను గోనెసంచిలో వేసుకుని, రత్నమాణిక్యం గారి లూనా అడగకుండానే తీసుకుని బయల్దేరాను. సఖినేటిపల్లి రేవు దాకా ప్రతి మలుపులోనూ కాలవలోకి చూస్తూ వెళ్ళాను. ఎక్కడ తెల్లగా కనిపించినా బండి ఆపాను. ఒకచోట కొంగలు, ఒకచోట ఎవరో ఆరేసిన దుప్పటి. రేవుకి వెళ్తే కార్ల వరసలో చంద్రరావు గారి కారు లేదు. కార్లని ఏరు దాటించే పంటు వెళ్ళిపోయింది.

అవతలి ఒడ్డు ఎక్కితే భీమవరం దాకా మంచి రోడ్డు. మంచి రోడ్డు దొరికితే చంద్రరావు గారు ఎలా నడుపుతారో నీకు తెలుసు.

కళ్ళు చికిలించి చూశాను. పంటు ఏటి మధ్యలో కనిపించింది గానీ కదలడం లేదు. ఒడ్డున చుట్ట కాలుస్తున్న పెద్దాయన్ని అడిగితే, "ఇసక మేటెక్కిందండి. పాటు మీదుంది కదండీ ఏరు, నీళ్ళు తగ్గిపోయాయండి. మళ్ళీ పోటొచ్చేదాకా కదల్దండి" అన్నాడు. నేను "స్తోత్రం!" అన్నాను, పైకే. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

చిన్న పడవ మాట్లాడుకుని పంటు ఎక్కాను. అక్కడ జనమంతా పంటు నడిపే సరంగుని, ఏటిని, గవర్నమెంటుని తిడుతున్నారు. మన పిల్ల అంచున కమ్మీలు పట్టుకుని నీళ్ళు చూస్తోంది. "నాన్నా, పడవలో ఎందుకొచ్చావు?" అంది. దాన్ని ఎత్తుకుని ఒక నిమిషం అలాగే నిలబడ్డాను. తరవాత చంద్రరావు గారితో, "ఎడం చక్రం చివరి బిగింపు మిగిలిపోయిందండి, బ్రేకు తొక్కి పట్టుకోండి" అన్నాను. పాపం ఆయన, "నేనే తొందరపడ్డానండి, మిమ్మల్ని అడగాల్సిందండి" అని ఒకటే నొచ్చుకున్నారు.

మూత తీశాను. నట్టు వేలితో తిరిగింది. మళ్ళీ రాస్తున్నాను, వేలితో తిరిగింది.

గొట్టం వేసి బిగించాను. ఇంక తిరగదని తెలిసినా ఇంకోసారి బిగించాను. పిన్ను దూర్చి చివరలు వంచాక అక్కడే చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాను. కారులోంచి మీ అమ్మ తలుపు తీసుకుని, తడుముకుంటూ దిగింది. "అబ్బాయీ" అంది. రెండేళ్ళ తరవాత, బేబీ! "ఊడిపోయేదా?" అని అడిగింది. "ఊడిపోయేదండి అత్తయ్యగారూ" అన్నాను. అబద్ధం రాలేదు నోటికి. తిడుతుందనుకున్నాను. చీర చెంగుతో నా మొహం తుడిచింది. "పిల్లకి తెలీనక్కర్లేదు. మా అమ్మాయికి మాత్రం నువ్వే చెప్పాలి. నేను చెప్పను" అంది. రెండు గంటలకి పోటొచ్చి పంటు తేలింది. నేనూ వాళ్ళతోనే కారులో వెళ్ళాను. కొత్త బేరింగులు కదా, చడీ చప్పుడూ లేదు. ఆలస్యమైనా డాక్టరు గారు ఏమీ అనకుండా చేర్చుకున్నారు.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచానంటే, ఇది నీకు తెలిస్తే "నా ఫోన్ వల్లే కదా" అనుకుని ఫోను మానేస్తావని భయం. నువ్వు అంత పనీ చేస్తావు. కానీ తప్పు నీ ఫోనుది కాదు. నువ్వు మాట్లాడింది ఆరు నిమిషాలు. నేను బూత్‌లో ఉన్నది అరగంట దగ్గర దగ్గర. నీ గొంతు ఆగిపోయాక నేను లేవలేను బేబీ. ప్రతి శుక్రవారం ఇంతే. ఆ బెంచీ మీద గోడ వైపు తిరిగి కూర్చుంటాను. రత్నమాణిక్యం గారు చూసీ చూడనట్టు లెక్కల పుస్తకం తిరగేస్తారు. కళ్ళు ఆరాక బయటికొచ్చి, ఏమీ జరగనట్టు పనిలో పడతాను. ఆరోజూ అలాగే కూర్చున్నాను. ఆరు నిమిషాలకే లేచి వచ్చుంటే కారు షెడ్డులోనే ఉండేది. నువ్వు "ఎలా ఉన్నారు" అన్నప్పుడల్లా "నాకేం, రాయిలా ఉన్నాను" అంటాను చూడు, అది అబద్ధం. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ నీకు చెప్పిన అబద్ధం అదొక్కటే. ఈ ముక్క రాసేశాక ఒళ్ళు తేలికైంది.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. శుక్రవారం మధ్యాహ్నం దాకా షెడ్డు తెరవను. ఏ కారు చక్రమూ ముట్టుకోను. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని తొమ్మిదిన్నరకే బూత్‌లో కూర్చుంటున్నాను. మీ అమ్మ కూడా వస్తానంటోంది, ముందు తనకే ఇవ్వాలట ఫోను. ఇవ్వక తప్పుతుందా? నువ్వు మాత్రం ఏ శుక్రవారమూ ఫోను మానకు.

షెడ్డు తలుపు మీద సుద్దతో "శుక్రవారం పన్నెండు దాకా సెలవు" అని రాశాను. మొన్న చంద్రరావు గారు అది చదివి, "ఏంటండీ జీవరాజు గారూ, ఉపవాస ప్రార్థనా అండి?" అని అడిగారు. బజారులో నలుగురూ ఉన్నారు. ఇదివరకైతే అవునండీ అనేవాణ్ణి.

"కాదండీ, మా ఆవిడ ఫోను చేస్తుందండి. చేశాక నాకు కాసేపు ఏ పనీ చేతకాదండి" అన్నాను.

ఇట్లు,
శుక్రవారం కోసం మిగతా ఆరు రోజులూ పనిచేసుకునే
నీ భర్త,
జీవరాజు