డెబ్బై రెండు వాట్ల గోడ

ఆదివారం రాత్రి, నంద్యాల

ఆళ్లగడ్డలో అక్కవాళ్ల ఇంటికి పోయి వచ్చాను. స్నానాల గది గోడకు వీపు ఆనించి అక్క చిక్కుడుకాయల నార తీస్తోంది. "ఈడ కూర్చుంటే కాపడం పెట్టినట్టు నడుముకు హాయిగుంటాదిరా" అంది. గోడ మీద చేయి పెట్టి చూశాను. వెచ్చగా కాదు, వేడిగా ఉంది.

గీజరు ఆన్‌లో ఉంది. బండిలోంచి మీటరు తెచ్చి చూస్తే పన్నెండు ఆంపియర్ల కరెంటు. మెయిన్ బోర్డు దగ్గర 230 వోల్టులు, గీజరు సాకెట్ దగ్గర 224. దారిలో పోయిన ఆరు వోల్టులను పన్నెండుతో భాగిస్తే అర ఓమ్ నిరోధం. పన్నెండుతో గుణిస్తే డెబ్బై రెండు వాట్లు. ఐటీఐలో పిల్లల చేత రోజూ చేయించే లెక్కే. లైట్ల కోసం వేసిన సన్న వైరుకు గీజరు తగిలించారు. గోడలో ఎక్కడో దాని అతుకు కాలుతోంది.

ఫ్యూజు ఎందుకు పోలేదా అని విప్పాను. ఒక్క పోగు ఉండాల్సిన చోట రెండు మెలేసి ఉన్నాయి; ఇక గోడలో వైరు కాలినా ఫ్యూజు పోదు.

"ఇదెవరు చేసినారు బావా?"

"నువ్వే కదప్పా! పోయిన నెల రోజూ ఫ్యూజు పోతాందని ఫోన్ చేస్తే, ఇంగో పోగు కలిపి చుట్టమన్నావ్."

నిజమే. అప్పుడు క్లాసులో ఉన్నాను. ఏ లైనుదని కూడా అడగలేదు.

గోడలో వైరు కాలుతోందని, లావు వైరు లాగేదాకా గీజరు వేయొద్దని బావను పక్కకు పిలిచి చెప్పి, ఫ్యూజులో ఒక్క పోగే ఉంచాను. రేపు మొదటి పీరియడ్ ఫ్యూజుల పాఠం.

బయలుదేరేటప్పుడు అక్క గోడ తడిమింది. "సల్లబడిపాయనే. ఉన్న సుఖం గూడా పోగొట్టినావ్."

నెల రోజులుగా ఆమె వీపు దేనికి ఆనుకుందో ఇప్పుడు బావకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరమూ ఆమెకు చెప్పలేదు.