ఫిల్టర్ సరే, పాట ఏదీ?

జూన్ 3
ఈ రోజు నుంచి మాడ్యూళ్లను పోల్చడం బంద్. ఇక సంగీతమే.

మా ఆవిడ ఈ డైరీ ఎలాగూ చదువుతుంది కాబట్టి ఆవిడకి అర్థమయ్యేలా రాస్తున్నాను. మాడ్యులర్ సింథసైజర్ అంటే ఒక్క వాద్యం కాదు, పక్కపక్కన బిగించిన బోలెడు చిన్న డబ్బాలు, అవే మాడ్యూళ్లు. ఒకటి శబ్దం పుట్టిస్తుంది, ఇంకొకటి దాన్ని వడకడుతుంది, అది ఫిల్టర్. మధ్యలో వైర్లు. వీటిలో ఏది గొప్పదో తేల్చడానికే ఇన్నేళ్లూ సరిపోయింది. ఒక్క పాటా చేయలేదు.

మా అమ్మాయి కాలేజీలో చిన్న సినిమా తీసింది. బస్టాపులో ఎవరి కోసమో ఎదురుచూసే ఒకావిడ కథ. "నాన్నా, మ్యూజిక్ నువ్వే చెయ్యాలి. ఇరవయ్యో తారీఖున వేస్తారు" అంది. అది నన్ను ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో. గాల్లో తేలుతున్నాను.

నియమాలు: కొత్తది కొనను. నాలాంటి సింథసైజర్ పిచ్చోళ్ల ఆన్‌లైన్ ఫోరంలో వాదించను. ఆఫీసు నుంచి రాగానే కూర్చుంటాను.

జూన్ 5
కూర్చున్నాను. వైర్లన్నీ రంగుల వారీగా సర్దాను. పునాది ముఖ్యం.

జూన్ 8
ఇది పోలిక కాదు, పరిశీలన.
పాత ఫిల్టర్. బలం: నిండైన గొంతు. బలహీనత: వేడెక్కితే తప్ప పని చేయదు. మా మేనేజరూ అంతే.
కొత్త ఫిల్టర్. బలం: మచ్చలేని శుభ్రత. బలహీనత: అదే.

ఫోరంలో పెద్దాయన ఒకరున్నారు, అందరం వైర్ల బాబాయ్ అంటాం. "రెండూ అంతంతమాత్రమే అబ్బాయ్, మూడోది విని చూడు" అని రాశారు. నేను కొనలేదు, తెప్పించుకున్నానంతే. నచ్చకపోతే తిప్పి పంపేయొచ్చు.

జూన్ 12
మూడో ఫిల్టర్ వచ్చేసింది! వెంటనే బిగించాను. ఏ వైరు ఎక్కడ పెట్టానో నాకే తెలియదు గానీ, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దిగులుగా ఒక శబ్దం. అమ్మాయి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఇదే నాన్నా. ఇలాగే ఉంచు, ముట్టుకోకు" అంది. మా ఆవిడ కూడా, "ఇన్నాళ్లకి తలనొప్పి రాని మోత ఒకటి మోగింది" అంది.

రేపు రికార్డు చేస్తాను. ఈ ఘనత మూడు ఫిల్టర్లలో దేనిదో ముందు తేలాలి కదా.

జూన్ 13
పోటీ న్యాయంగా జరగాలంటే మూడింటికీ అవే వైర్లు, అవే కొలతలు ఉండాలి. అందుకని అన్నీ పీకాను.

ఈ యంత్రానికి జ్ఞాపకం ఉండదు. వైరు పీకి మీట తిప్పామా, ఆ శబ్దం పోయినట్టే. ఫోరంలో కొత్తవాళ్లకి ఈ పాఠం చెప్పేది నేనే.

ఫలితం: మూడో ఫిల్టర్‌కి పదికి ఏడు. శబ్దం మళ్లీ రాలేదు.

జూన్ 15
కరెంటు సరిగ్గా లేదు. గాల్లో తేమ ఎక్కువగా ఉంది. శబ్దం ప్రస్తుతం దోమ పాడినట్టుంది. అమ్మాయి అడిగితే "అయిపోవచ్చింది" అన్నాను.

జూన్ 17
"రేపే ఆఖరు, ఇచ్చెయ్ నాన్నా" అంది. ఇక నిజం చెప్పక తప్పలేదు.
"పీకేముందు ఫోన్లోనైనా రికార్డు చెయ్యలేదా?"
"చేద్దామనే అనుకున్నానమ్మా. ముందు మార్కులు వేద్దామని..."
"ఎవరికి?"
మూడు ఫిల్టర్ల వైపు చూపించాను. తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి వెళ్లిపోయింది. విసిరికొట్టినా బాగుండేది.

జూన్ 20
సినిమా వేశారు. తెర మీద బస్టాపు, ఆవిడ, కింద నుంచి ఎక్కడో మూలుగులాంటి మోత. హాలంతా ఊపిరి బిగబట్టింది. నా పక్కాయన కళ్లు తుడుచుకున్నాడు. నేను మాత్రం ఇందులో ఎన్ని మాడ్యూళ్లున్నాయా అని లెక్కేస్తున్నాను.

చివర్లో పేర్లు పడ్డాయి. సంగీతం: మా ఇంటి వాషింగ్ మెషిన్. కృతజ్ఞతలు: అమ్మ.

నా పేరు లేదు. ఏడుపొచ్చింది. 

జూన్ 21
పొద్దున్నే అమ్మాయి గదిలోకి వచ్చింది. "ఇంకోటి తీస్తున్నా. ఈసారైనా చేస్తావా?" అంది. చేస్తానన్నాను. ఒట్టేశాను కూడా.

కాబట్టి ఈ రోజు నుంచి పోల్చడం బంద్. ఇక సంగీతమే. మూడో ఫిల్టర్ తిప్పి పంపేస్తున్నాను. గడువు దాటిపోయిందట, ఉండనీ.

వాషింగ్ మెషిన్. బలం: దిగులు, నిలకడ, లోతు. బలహీనత: ఉతికేటప్పటి మోత గొప్పదా, పిండేటప్పటిదా అన్నది ఇంకా తేలలేదు. వెనక మూత విప్పి చూస్తే తెలుస్తుంది.

స్క్రూడ్రైవర్‌తో మా ఆవిడ కంటపడ్డాను. "దాని మీద చెయ్యి వేశావో..." అని ఆగిపోయింది.

రేపు ఆవిడ ఆఫీసుకి వెళ్లాక చూస్తాను.