పెలూసా గోడెక్కిన రోజు

ఎడెల్మీరాకు,

ఇక్కడ నేను, నీ కోళ్ళు, నీ పిల్లి పెలూసా క్షేమం. అక్కడ నువ్వు, నీ చెల్లెలు ఒటీలియా, తన పొత్తిళ్ళలో బిడ్డ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వానలు పట్టుకున్నాయి. గుయాకిల్ బస్సు రెండు రోజులు బురదలో ఆగిపోవడంతో నీ ఉత్తరం నిన్న చేరింది.

అందులో తొమ్మిది ప్రశ్నలున్నాయి. ఎనిమిది పెలూసా గురించే. తొమ్మిదోది నా మోకాలి నొప్పి గురించి అనుకుని సంబరపడ్డాను. తీరా చూస్తే ఆ మోకాలి మీద పెలూసా పడుకుంటోందా అని. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన మొగుడికి ఇదా మర్యాద?

సరే, జవాబులు విను. తింటోంది. నాకు ఉడికించిన అరటికాయ, దానికి చేప. వాన పడుతుంటే వీధి తలుపు దగ్గర నిలబడి అరుస్తుంది. తీస్తాను. వానను చూసి, వెనక్కి తిరిగి నన్ను చూస్తుంది, ఆ నీళ్ళు నేనే పోస్తున్నట్టు. అక్కణ్ణుంచి పెరటి తలుపు దగ్గరికి పోయి అరుస్తుంది. అదీ తీస్తాను. అక్కడా అదే వాన. పెరట్లో వేరే ఆకాశం ఉంటుందని దానికెవరు చెప్పారో. మళ్ళీ నన్నే కోపంగా చూసి, నీ దిండెక్కి ముడుచుకుంటుంది. పూటపూటా ఇదే తంతు.

బయటికి వెళ్ళకపోతే మరి ఆ పని ఎక్కడ కానిస్తోందని నువ్వు అడగలేదు. నేనే చెప్తాను. నా టోపీలో. నువ్వు నాలుగు నెలలు కూర్చుని పోచ పోచా అల్లిన టోపీలో, నేను ఆదివారం చర్చికి తప్ప పెట్టని టోపీలో. ఆరుసార్లు కడిగాను. ఎండలో పెడితే పక్కింటి రుమాల్దో కుక్క వాసన చూసి తుమ్మింది.

ఇంతకంటే ఒళ్ళు మండించేది వీధివాళ్ళు. ఏడేళ్ళుగా పెలూసా చెవి వెనక తుడుచుకుంటే వానొస్తుందని ఆరబెట్టిన కోకో గింజలు లోపలికి ఎత్తారు, అది గోడెక్కి కూర్చుంటే సాయంత్రం దాకా వాన లేదని వీధిలో పరిచారు. రేడియోలో ఏం చెప్పినా పెలూసా ఏమందని అడిగేవాళ్ళు. కిందటి మంగళవారం అది గోడెక్కింది. ఎదురింటి క్లోతిల్దె అత్త కేకేసింది, అయిదిళ్ళవాళ్ళు గింజలు పరిచారు. గంట తిరక్కుండా కుండపోత. గింజలన్నీ బూజు పట్టాయి. అంతే, ఏడేళ్ళ మేలు ఒక్క వానకు కొట్టుకుపోయింది. ముసలిదైపోయిందట, ముక్కు పనిచేయడం లేదట. రుమాల్దో అయితే గోనెసంచిలో వేసి ఏటి అవతల వదిలెయ్యమని నా మొహం మీదే అన్నాడు. లేకపోతే తనే ఆ పని చేస్తాడట. విశ్వాసం లేని మనుషులు.

ఇంత కోపం ఎందుకో నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది.

ఆ రోజు పెలూసా తనంతట తాను గోడెక్కలేదు. పొద్దున్నే టోపీ సంగతి చూసి, మెడ పట్టుకుని బయట పడేసి రెండు తలుపులకూ గడియ వేశాను. వాన వస్తుందని దానికి తెలుసు. పాపం ఈ తలుపూ ఆ తలుపూ గీకింది. రుమాల్దో కుక్క తరిమితే గోడెక్కింది. అత్త కేక నాకు వినపడింది. నోరు తెరిచాను కూడా. టోపీ కథ చెబితే వీధంతా నవ్వుతుందని మూసుకున్నాను. మన గింజలు మాత్రం కొట్టంలోంచి తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని ఎవరూ అడగలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఊరుకున్నాను. గోడ మీది పిల్లి అంటే అసలు నేనే, ఎడెల్మీరా. సిగ్గుగా ఉంది.

ఉండు. అది ఇప్పుడే పెరట్లోంచి వచ్చింది. బల్ల కింద కూర్చుని చెవి వెనక తుడుచుకుంటోంది. మంగళవారం తర్వాత ఇదే మొదటిసారి. బయట కళ్ళు చెదిరే ఎండ. వీధిలో అందరి గింజలూ పరిచి ఉన్నాయి. ఇప్పుడే వస్తాను.

మళ్ళీ కూర్చున్నాను. చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి, అక్షరాలు అలుక్కుపోతే సర్దుకో. వెళ్ళి గింజలు ఎత్తమని అరిచాను. ఎవరూ కదల్లేదు.

"ఆ ముసలి పిల్లిని ఇంకా నమ్ముతున్నావా ఫిడెన్సియో?" అన్నాడు రుమాల్దో.

"దాన్ని నమ్మండి. నమ్మకూడనిది నన్ను," అన్నాను. "ఆ రోజు నేనే దాన్ని బయటికి గెంటి గడియ వేశాను. నా టోపీలో పోసిందని."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. క్లోతిల్దె అత్త నన్ను ఎగాదిగా చూసి బుట్ట అందుకుంది.

"ముందు గింజలు ఎత్తండి. వీడి సంగతి వాన వెలిశాక చూద్దాం," అంది.

చివరి బుట్ట లోపల పెట్టేసరికి వాన అందుకుంది. ఒక్క గింజ తడవలేదు. ఇప్పుడు అందరూ ఎదురింటి వసారాలో నిలబడి మన గుమ్మం వైపే చూస్తున్నారు. పెలూసా నీ దిండు మీద నిద్రపోతోంది. వాన తగ్గుముఖం పట్టింది.

ఈసారి తలుపుకి గడియ వెయ్యలేదు.

ఇట్లు,
మోకాలు ఇంకా నొప్పిగానే ఉన్న నీ భర్త
ఫిడెన్సియో