సర్కారుకు చదివింపులు

1984 మే 2, బుధవారం. తిరుత్తణి.

సాయంత్రం 6.10కి మా వంశచరిత్ర మారిపోయింది!

కాంచన తిరువళ్లూరు బ్యాంకు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే చెప్పింది. ‘‘నాయనా, ఈ ఏడు నాక్కూడా ఇన్‌కమ్ టాక్సు పడింది. జూన్ ముప్పై లోపల ఫారం రాసి ఇయ్యల్ల.’’

టాక్సు! మా ఇంట్లో! వెంటనే మైసూరుపాకు తెచ్చి వీధంతా పంచాను.

‘‘పన్ను పడిందని తీపి పంచే మనిషిని నేను యాడా చూడలేదయ్యా’’ అంది మునిలక్ష్మి. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో నా సంతోషం ఒక్కటీ ఆమెకు అర్థం కాలేదు.

బిడ్డ చదివినన్నాళ్లూ నేను ఒక్క లెక్క చెప్పింది లేదు. నా చదువు ఎనిమిదో తరగతితో సరి. చక్కెర మిల్లులో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర ముప్పై ఏళ్లు నిలబడి, పోయినేడు రిటైరయ్యాను. ఇప్పటికి అవకాశం వచ్చింది. దాని ఫారం నా చేత్తో రాస్తాను!

తిరువళ్లూరులో వరదన్ సార్ టైపు నేర్పే చోట టాక్సు ఫారాల క్లాసు పెడుతున్నారట. ఐదు వారాలు. బాగా నేర్చుకుంటే జూన్ సీజనులో ఆడిటర్ దగ్గర పని కూడా!

నియమాలు:
1. పొద్దున 4.30కి లేవాలి.
2. 7.15 బస్సు తప్పకూడదు.
3. జూన్ 30 దాకా ఏ పెళ్లిలోనూ చదివింపులు రాయకూడదు.

మూడోది కష్టం. ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఏ పెళ్లయినా పందిట్లో నోటుబుక్కు పట్టుకుని కూర్చునేది నేనే. ఎవరు ఎంత చదివించారో రాసేదీ నేనే, వీధి చివరి దాకా వినిపించేలా చదివేదీ నేనే. అయినా నిర్ణయం నిర్ణయమే!

మే 7, సోమవారం.

క్లాసు 10.00కి. నేను 8.40కే హాజరు! తాళం తీసింది నా ఎదుటే.

వరదన్ సార్ ఫారం చేతికిచ్చాడు. పేరు, ఊరు, మొత్తం. చూడగానే నవ్వొచ్చింది. ‘‘సార్, ఇది మన పెళ్లి నోటుబుక్కే కదా! సర్కారువారింట్లో పెళ్లి, మనం చదివింపులు!’’

‘‘అట్ల కాదు పెద్దాయనా, ఇది వేరే...’’ అన్నాడు. కొత్తలో అందరూ అట్లాగే అంటారు. నా రాత చూసి మాత్రం ముత్యాలన్నాడు. ముత్యాలు!

మే 10, గురువారం.

ఈరోజు పాఠం: తగ్గింపులు. జీతంలో కొంత సర్కారే వదిలేస్తుందట. అడక్కుండానే! ఎంత దొడ్డ మనసు! కళ్లు తుడుచుకున్నాను. పక్కన కూర్చున్నాయన జలుబా అని అడిగాడు.

మే 16, బుధవారం.

రాత్రి భోజనాల వేళకు మా వీధి రత్నస్వామి తాంబూలం పళ్లెంతో వచ్చాడు. రేపు కూతురి పెళ్లి.

‘‘అన్నా, నువ్వు చదవకపోతే అది పెళ్లి మాదిరే వుండదు. పోయిన నెల పళ్ళిపట్టులో ఎవడో చదివినాడు. ఇచ్చినోడికే వినబళ్లేదు.’’

‘‘క్లాసుకు పోతావుండా రత్నం. నిర్ణయం తీసుకున్నా.’’

‘‘సరే అన్నా. అయితే నేనే చదువుకుంటా’’ అని లేచాడు. ఆయనకు నత్తి.

ఒక్క రోజు. మనిషినన్నాక దయ ఉండాలి.

మే 28, సోమవారం.

ఇంతవరకు పోని క్లాసులు: మే 17, 18 (గొంతు బొంగురు), 21, 23, 24 (ఇంకో మూడు పెళ్లిళ్లు), 25 (పెళ్లివారు పంపిన లడ్లు, కడుపునొప్పి).

ఇవి సెలవులు కావు. ప్రాక్టికల్స్! పేరు, ఊరు, మొత్తం. చేయి ఆడుతూనే ఉంది కదా!

లేచిన సమయం: 7.30.

కాంచన రోజూ అడుగుతోంది, ‘‘క్లాసు ఎట్ల పోతా వుంది నాయనా?’’ అని.

‘‘బ్రహ్మాండం’’ అంటున్నాను.

జూన్ 8, శుక్రవారం.

పరీక్ష. అన్ని గళ్లూ నింపాను!

వరదన్ సార్ నా కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. ‘‘పెద్దాయనా, నేనిచ్చిన జీతం పద్దెనిమిది వేలు. మీరు పద్దెనిమిది వేల ఒకటి రాసినారు. ఇక్కడా ఒకటి, అక్కడా ఒకటి. ఈ రూపాయి యాడనుంచి వస్తావుంది?’’

‘‘సున్నాతో ముగిస్తే శుభమా సార్? నూటొక్కటి ఇస్తాముగానీ నూరు ఇస్తామా?’’

‘‘ఆ నాలుగు మూలలా పసుపు?’’

‘‘శుభలేఖకు పెట్టమా?’’

యాభైకి పది మార్కులు. నేను పదకొండని రాసుకున్నాను.

అయినా ముత్యాల రాత అని ఆడిటర్ రామానుజం గారికి చీటీ ఇచ్చాడు. సోమవారం నుంచి పని! పసుపు తేకూడదని మాట తీసుకున్నాడు.

జూన్ 11, సోమవారం.

11.20కి పని మొదలు.
11.35కి పని ముగింపు.

వివరాలు. ఆఫీసు నిండా జనం. ధనకోటి గారని బట్టల కొట్టు యజమాని ఫారం నా ముందు పెట్టారు. రాశాను. ఒక్క తప్పు లేదు, ఒక్క రూపాయి ఎక్కువ లేదు! రాసిన తర్వాత చేయాల్సింది ఒకటే కదా. లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాను.

‘‘తిరువళ్లూరు బజారు వీధి... ధనకోటి గారి రాబడి... ముప్పై ఎనిమిది వేల ఆరువందలూ...!’’

రోడ్డు అవతల సోడా కొట్టేవాడు కూడా తిరిగి చూశాడు. గొంతు అంత బాగా పలికింది.

బెంచీ మీద ధనకోటి గారి బావమరిది ఉన్నాడని నాకెట్లా తెలుస్తుంది? ఆయన లేచాడు. ‘‘ఏం బావా! నాలుగేండ్లుగా కొట్టు నష్టమని మా అక్కకు కమ్మలు కూడా చేయించకపోతివే!’’

తర్వాత జరిగింది రాయను. ఆడిటర్ గారు చేతులు జోడించి, ‘‘పోదుం సామీ, పోదుం’’ అన్నారు. అరవంలో చాలని.

ఇంట్లో చెప్పలేదు. రేపటి నుంచి రోజూ 7.15 బస్సెక్కి, మధ్యాహ్నం దాకా రైల్వే స్టేషన్‌లో కూర్చుని వస్తాను. బిడ్డ ఫారం మాత్రం రాస్తాను. అదొక్కటీ తప్పు లేకుండా.

జూన్ 29, శుక్రవారం.

పద్దెనిమిది రోజులుగా రాయడానికేమీ లేదు.

రేపే ఆఖరు రోజు. రాత్రి కాంచన ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. 8.05కి కలం పట్టాను. జీతం గడిలో చివరి సున్నా రాయాలి. రాయబోయాను. బిడ్డ పేరు పక్కన సున్నా! నా వల్ల కాలేదు. ఒకటి పెట్టాను. దాన్ని దిద్దాను. దిద్దింది చెరిపాను. కాగితం చిరిగింది.

అప్పుడు అంతా చెప్పేశాను. పెళ్లిళ్లు, పది మార్కులు, పదిహేను నిమిషాల ఉద్యోగం.

‘‘తెలుసు నాయనా. వరదన్ సార్ మా బ్యాంకుకే కదా వచ్చేది. ధనకోటి గారి సంగతి చెప్పి మా మేనేజరు కూడా నవ్వినాడు.’’

‘‘తెలిసీ రోజూ అడుగుతావుంటివే?’’

‘‘నువ్వు బ్రహ్మాండం అనేది వినాలని.’’

సంచిలోంచి ఇంకో ఫారం తీసింది. రెండు కొనిందట. నా బిడ్డ ముందుచూపు! పది నిమిషాల్లో తనే నింపేసింది. ఒక్క గడి మాత్రం ఖాళీగా వదిలి, కాగితం నా వైపు తిప్పింది.

తండ్రి పేరు.

రాశాను. దొరస్వామి. ముత్యాలు! మునిలక్ష్మి కూడా వచ్చి చూసి, వంటింట్లోకి పోయింది. అంటే బాగుందనే.

జూన్ 30, శనివారం.

10.50కి ఫారం ఇచ్చేశాము. గుమాస్తా ముద్ర కొట్టాడు. కాగితం చివర పసుపు మరక చూసి కాంచన నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

జూలై 1, ఆదివారం.

కొత్త నిర్ణయం! వచ్చే మే నెలలో మళ్లీ క్లాసు. ఈసారి తప్పదు. వచ్చే ఏడు అన్ని గళ్లూ నావే!

నియమాలు:
1. 4.30కి లేవాలి.
2. రాసింది పైకి చదవకూడదు.
3. పెళ్లిళ్లు ఒప్పుకోకూడదు.

సాయంత్రం 5.15. రత్నస్వామి వచ్చాడు. వచ్చే వైశాఖంలో చిన్న కూతురి పెళ్లట.

వచ్చే మే నెలకు ఒప్పుకున్న పెళ్లిళ్లు: ఒకటి. ఒక్కటే! అక్కడ సున్నా రాస్తే శుభమా మరి?